భీమిలి డాబా మీది కెమెరాలో మంచు: ఒక కేస్ స్టడీ

నవంబరు మూడో వారంలో భీమునిపట్నంలో ఉండే ఒక ఫిజిక్స్ మాస్టారు తమ డాబా మీద నుంచి తీసిన కృత్తికల ఫొటోను నాకు పంపారు. ఆ నక్షత్రాల చుట్టూ తన ఫొటోలలో అంతకుముందెన్నడూ రానంత దట్టంగా నీలి మబ్బు కనిపించడమే ఆయన సంబరానికి కారణం. కృత్తికల చుట్టూ అటువంటి ధూళి మేఘం నిజంగానే ఉంది. నక్షత్రాల వెలుగును ప్రతిఫలించడం వల్ల అది ఫొటోలలో నీలంగా వస్తుంది. అయితే అదే ఫ్రేములో ఒక అంచున, ఆ మేఘంతో ఏ సంబంధమూ లేకుండా ఉన్న మరో నక్షత్రానికి కూడా అచ్చంగా అటువంటి వలయమే ఉంది. ఆ ఒక్క విషయం నాకు నచ్చలేదు. విడి ఫ్రేములను కలిపి తయారుచేసిన తుది ఫొటో కాకుండా, ఆ రాత్రి తీసిన ఆ ఫ్రేములన్నిటినీ తీసిన వరుసలోనే చూడమని మాస్టారిని కోరాను. మొదటి పది ఫ్రేములలో నక్షత్రాలు సూదిమొనల్లా ఉన్నాయి. ఆ తరువాత ఒక్కొక్క ఫ్రేములో వలయం కొంచెం కొంచెంగా పెరుగుతూ, నలభై నిమిషాలు గడిచేసరికి ఫ్రేము ఎడమ అంచు మొత్తం మసకబారింది.

మర్నాడు ఆయన ఫోన్ చేసి, “మీరన్నట్టే అది మేఘం కాదండీ, కెమెరాకు మంచు పడుతోంది” అన్నారు. మన భాషలో మంచు అనే ఒక్క మాటే ఆకుల మీది నీటి బిందువులకూ, తెల్లవారుజామున లంబసింగి లోయను కమ్మే తెల్లటి పొగకూ, హిమాలయాల మీది గడ్డకూ చెల్లుతుంది. మామూలు సంభాషణలో దీనివల్ల నష్టమేమీ లేదు గానీ, రోగ నిర్ధారణలో ఉంది. ఆయన చెప్పిన మంచును నేను కెమెరా ముందు అద్దానికి బయటివైపు పట్టే బిందువులుగా అర్థం చేసుకుని, ఆ అద్దం చుట్టూ ఉండే చిన్న హీటరును పూర్తి స్థాయిలో వేసి చూడమన్నాను. ఈ కేసులో అది నా మొదటి పొరపాటు. రెండోది ఇంతకంటే పెద్దది, దాని సంగతి తరువాత వస్తుంది.

నేను వృత్తిరీత్యా విశాఖపట్నంలో ప్రయోగశాల పరికరాలు బాగుచేస్తాను. కొన్ని రకాల స్పెక్ట్రోమీటర్లలోనూ చల్లబరచిన డిటెక్టర్లు ఉంటాయి కనుక, ఖగోళ ఫొటోలు తీసే మిత్రులు తమ కెమెరాలను కూడా నా బల్ల మీదికే తెస్తుంటారు.

కెమెరా సంగతి

మాస్టారి కెమెరాలో సోనీ ఐఎంఎక్స్571 సెన్సర్ ఉంది. దాని కొలతలు సుమారు 23.5 × 15.7 మిల్లీమీటర్లు, ఒక్కొక్క పిక్సెల్ 3.76 మైక్రాన్లు. సెన్సర్ వెనుక పెల్టియే పలక ఉంటుంది. కరెంటు పారినప్పుడు ఈ పలక ఒక ముఖం నుంచి వేడిని లాగి మరో ముఖం మీదికి చేరవేస్తుంది, ఆ వేడిని ఫ్యాను బయటికి తోసేస్తుంది. సెన్సర్ చల్లబడిన కొద్దీ, వెలుగు లేకున్నా తనంతట తాను పుట్టించే డార్క్ కరెంటు తగ్గుతుంది. ఉజ్జాయింపుగా ప్రతి ఆరేడు డిగ్రీలకు సగమవుతుందని లెక్క. సెన్సరూ దాని మీది పల్చని గాజు కవరూ ఒక చిన్న మూసిన గదిలో ఉంటాయి. ఆ గదికి ముందువైపు ఒక గాజు కిటికీ, కిటికీ చట్రం కింద రబ్బరు ఓ-రింగ్, లోపల తేమను పీల్చుకోవడానికి నాలుగు డెసికెంట్ బిళ్లలు. టెలిస్కోపు 80 మిల్లీమీటర్ల కటకం ఉన్న రిఫ్రాక్టరు, నాభ్యంతరం 480 మిల్లీమీటర్లు. నాభ్యంతరాన్ని కటకం వెడల్పుతో భాగిస్తే వచ్చే ఎఫ్ సంఖ్య 6, అంటే ఎఫ్/6.

హీటరు పెంచినా ఫలితం లేదని రెండు రోజులకే కబురు వచ్చింది. అప్పుడు చేయవలసిన పనిని చేశాను: మంచు ఏ గాజు మీద ఉందో లెక్క కట్టడం.

నీడ కొలిచి చోటు పట్టుకోవడం

ఫ్లాట్ ఫ్రేమంటే ధూళి నీడలను సరిచేయడానికి, అంతటా సమానంగా వెలిగే తెల్లని తలాన్ని తీసే ఫొటో. ఈ లెక్క ఫ్లాట్ ఫ్రేములు తీసే ప్రతివారికీ ఉపయోగపడుతుంది. సెన్సర్‌కు కొంత దూరంలో ఉన్న ధూళి కణమైనా, మంచు రవ్వయినా సెన్సర్ మీద వేసే నీడ వెడల్పు, ఆ దూరాన్ని టెలిస్కోపు ఎఫ్ సంఖ్యతో భాగిస్తే వస్తుంది. సెన్సర్ మీది గాజు కవరు సెన్సర్‌కు ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. దాన్ని 6తో భాగిస్తే 0.17 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 44 పిక్సెళ్లు. గది ముందు కిటికీ ఈ కెమెరాలో సుమారు 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. దాని మీది కణం నీడ 2 మిల్లీమీటర్లు, అంటే 530 పిక్సెళ్ల వెడల్పున పరచుకుంటుంది. కనుక కిటికీ మీద మంచు పడితే ఆకారం లేని ఒక పెద్ద మసక మాత్రమే వస్తుంది, సన్నని గీతలు కనిపించే అవకాశమే లేదు.

మాస్టారిని కెమెరా చల్లగా ఉండగానే, టెలిస్కోపు మూతికి తెల్లని గుడ్డ కట్టి ఫ్లాట్ తీయమన్నాను. సాధారణంగా ఆయన ఫ్లాట్లను మర్నాడు ఉదయం, కెమెరా వేడెక్కిన తరువాత తీసేవారు. అప్పటికి మంచు ఆవిరైపోయి సాక్ష్యం మిగిలేది కాదు. ఈసారి వచ్చిన ఫ్లాట్‌లో ఎడమ అంచు నుంచి లోపలికి పాకిన ఈనెల్లాంటి గీతలు స్పష్టంగా ఉన్నాయి, ఒక్కొక్కటి నలభై యాభై పిక్సెళ్ల మందాన. అంటే మంచు సెన్సర్ గాజు కవరు మీదే ఉంది. అంచుల నుంచి మొదలవడానికి కారణం కూడా సులువుగానే తోస్తుంది: కవరు అంచులు చల్లని సెన్సర్ ప్యాకేజీకి అంటుకుని ఉంటాయి, మధ్య భాగానికి ఎదురుగా ఉన్న కిటికీ నుంచి కొంత వెచ్చదనం అందుతుంది.

కిటికీ హీటరు ఈ మంచును ఏమీ చేయలేదు. అది కిటికీని గాలి కంటే కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉంచి బయటి తేమ గాజు మీద నీరుగా మారకుండా చూస్తుంది. గది లోపలి నీటిని తగ్గించే శక్తి దానికి లేదు. ఈ రెండు రోగాలకూ ఒకే మందు వేయడం మనవాళ్లలో తరచుగా చూస్తున్నాను.

ఎంత నీరు, ఎక్కడి నుంచి

కెమెరాను నా దగ్గరికి తెచ్చేలోపు మాస్టారు ఇంకో ప్రయత్నం చేశారు. బిళ్లలు బయటికి తీసి ఇంట్లోని ఓటీజీలో 120 డిగ్రీల దగ్గర ఒక గంట ఉంచి, పళ్లెంలో చల్లారబెట్టి తిరిగి అమర్చారు. తొమ్మిది రోజులు మంచు కనిపించలేదు. పదో రోజు మళ్లీ వచ్చింది. నవంబరు ఆఖరున కెమెరా నా బల్ల మీదికి చేరింది.

ఆయనను మొదట అడిగిన ప్రశ్న, ఈ గదిని చివరిసారి ఎప్పుడు తెరిచారని. ఆగస్టులో తెరిచానన్నారు. సెన్సర్ మీద మొండి ధూళి మచ్చ ఒకటి ఉంటే వానాకాలపు సెలవులో దాన్ని తుడిచారట. సాయంత్రం విప్పి, మధ్యలో కరెంటు పోవడంతో అన్నిటినీ ఒక గుడ్డ కింద కప్పి ఉంచి, మర్నాడు ఉదయం బిగించారు. ఆపైన ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఆకాశం తెరిపివ్వలేదు, కెమెరా వాడలేదు. తప్పు జరిగిన రోజుకూ లక్షణం బయటపడిన రోజుకూ మధ్య మూడు నెలలు గడిచాయి కనుక, ఆ రెండింటినీ ఆయన ముడిపెట్టుకోలేదు. కెమెరాలోని మంచును ఆ రాత్రి చలితోనో, ఆ రాత్రి వీచిన సముద్రపు గాలితోనో ముడిపెట్టడం సహజం. నా అనుభవంలో మాత్రం దాని పుట్టుక చాలాసార్లు కెమెరాను విప్పిన రోజునే జరిగి ఉంటుంది.

ఇప్పుడు నీటి లెక్క చూద్దాం. ఆగస్టులో భీమిలి గాలి 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమతో ఉందనుకుంటే, ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. ఈ కెమెరా గది పరిమాణం నా కొలతలో 40 మిల్లీలీటర్లు. అంటే మూత బిగించేటప్పుడు లోపల చిక్కుకున్న గాలిలో ఉన్న నీరు దాదాపు ఒక మిల్లీగ్రాము. వినడానికి ఇది లెక్కలోకి రాని మొత్తం. అయితే ఆ మిల్లీగ్రామంతా సెన్సర్ మీదికే చేరితే, 3.7 చదరపు సెంటీమీటర్ల ఆ పలక మీద 2.7 మైక్రాన్ల మందం పొరగా పరచుకుంటుంది. నక్షత్రం వెలుగును చెదరగొట్టి వలయం చేయడానికి ఆ మాత్రం మంచు చాలు.

మరి ఎంత పొడిగా ఉంటే మంచు పట్టదు? మైనస్ 10 డిగ్రీల మంచు మీద సంతృప్త ఆవిరి పీడనం 2.6 మిల్లీబార్లు. గదిలోని ఆవిరి పీడనం అంతకంటే తక్కువగా ఉంటే మంచు ఏర్పడదు, ఉన్నది కూడా నెమ్మదిగా ఆవిరైపోతుంది. 28 డిగ్రీల గాలి మోయగలిగిన ఆవిరి పీడనం 37.8 మిల్లీబార్లు కనుక, కెమెరా వెచ్చగా ఉన్నప్పుడు దాని గదిలో తేమ 7 శాతానికి మించకూడదన్నమాట. సెన్సర్‌ను మైనస్ 20కి దించాలంటే ఈ హద్దు 3 శాతం కంటే తక్కువకు పడిపోతుంది. సున్నా డిగ్రీలతో సరిపెట్టుకుంటే 16 శాతం దాకా పెరుగుతుంది.

ఇంత తక్కువ తేమ దగ్గర సిలికా జెల్ బలహీనపడుతుంది. వంద గ్రాముల సిలికా జెల్ తేమ బాగా ఉన్న గాలిలో ముప్ఫై గ్రాముల నీటిని పట్టుకున్నా, 5 శాతం తేమలో పట్టుకునేది కొద్ది గ్రాములే. అణువులు పట్టేంత సన్నని రంధ్రాలుండే మాలిక్యులర్ సీవ్ అలా కాదు, అతి పొడి గాలిలో కూడా తన బరువులో 15 శాతానికి పైగా నీటిని బంధించి ఉంచుతుంది. ఈ కెమెరాలోని బిళ్లలు ఆ జాతివే. అయితే గట్టిగా పట్టుకున్నది కష్టంగానే వదులుతుంది. సిలికా జెల్‌కు 120 డిగ్రీలు సరిపోతే, మాలిక్యులర్ సీవ్‌కు 200 డిగ్రీలు దాటాలి. మాస్టారు చేసిన గంట కాపు వల్ల బిళ్లల్లోని నీరు కొంతే పోయింది. పళ్లెంలో చల్లారుతుండగా పోయినదాంట్లో కొంత తిరిగి వచ్చింది.

మొదటి చికిత్స

నాలుగు బిళ్లలను మిల్లీగ్రాములు చూపే త్రాసు మీద తూచాను. మొత్తం 3.05 గ్రాములు. 240 డిగ్రీల ఓవెన్‌లో ఉంచి గంటకోసారి తూస్తూ, బరువు ఇక తగ్గడం లేదని తేలేదాకా ఆపలేదు. ఎన్ని గంటలు కాల్చాలని చాలామంది అడుగుతారు. గడియారాన్ని నమ్మడం కంటే త్రాసును నమ్మడం మేలు. చివరికి తేలిన బరువు 2.60 గ్రాములు. అంటే బిళ్లల్లో 0.45 గ్రాముల నీరు ఉంది, పొడి బరువులో 17 శాతం. గదిలో ఒకసారి చిక్కుకునే గాలిలోని నీటికి ఇది 450 రెట్లు.

చల్లారబెట్టడం కూడా కాల్చడంతో సమానమైన పనే. వేడి బిళ్లలను వెంటనే బిగుతు మూత ఉన్న చిన్న గాజు సీసాలో వేసి మూసేశాను. నమ్మకం లేనివారు ఒక పొడి బిళ్లను త్రాసు మీద ఉంచి చూడవచ్చు. మన తీరపు గాలిలో చివరి అంకెలు కళ్లముందే పైకి కదులుతాయి. గదిని తెరిచి మూసే పని కోసం నా దగ్గర ఒక పారదర్శక ప్లాస్టిక్ పెట్టె ఉంది. రెండు పక్కలా చేతులు దూర్చడానికి రంధ్రాలు చేసి వాటికి పొడవాటి రబ్బరు గ్లవ్సులు అతికించాను, లోపల రెండు కిలోల సిలికా జెల్, ఒక డిజిటల్ తేమ మీటరు. మీటరు 15 శాతానికి దిగిన తరువాతే కెమెరా మూత విప్పుతాను. ఈ సరంజామా లేనివారు ఏసీ గదిలో పని చేసుకోవడం కొంత నయం. 20 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉన్న గాలిలో ఘనపు మీటరుకు నీరు 9 గ్రాములకు లోపే, బయటి 24 గ్రాములలో మూడో వంతు.

బిగించిన తరువాత ఒక రోజంతా కెమెరాను చల్లబరచకుండా వదిలేశాను. గదిలోని నీరంతా గాలిలో ఉండదు. లోహపు గోడలకు, సర్క్యూట్ బోర్డుకు, ప్లాస్టిక్ భాగాలకు అంటుకున్న నీరు గంటల తరబడి విడుదలవుతూనే ఉంటుంది. దీనికి పెద్ద ఉదాహరణ అంతరిక్షంలోనే దొరుకుతుంది. యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ 2023 జులైలో ప్రయోగించిన యూక్లిడ్ టెలిస్కోపు, భూమికి పదిహేను లక్షల కిలోమీటర్ల దూరాన శూన్యంలో ఉన్నా, భూమి మీద ఉన్నప్పుడు దాని భాగాలు పీల్చుకున్న నీరే మెల్లగా బయటికి వచ్చి అద్దాల మీద అతి పల్చని మంచు పొరగా చేరింది. 2024 మార్చిలో ఒక అద్దాన్ని మైనస్ 147 నుంచి మైనస్ 113 డిగ్రీల దాకా వెచ్చబెట్టి ఆ పొరను వదిలించారు. అంతటి శుభ్రతతో కట్టిన పరికరానికే తప్పని బాధ, డాబా మీది కెమెరాకు తప్పుతుందని ఆశించలేం.

డిసెంబరు మొదటి వారంలో కెమెరాను తిరిగి ఇచ్చేశాను. బిళ్లలు రాత్రంతా గాలిలో ఉండి నిండిపోయాయి, వాటిని సరిగ్గా ఆరబెట్టాం, కేసు ముగిసిందనుకున్నాను. ఇదే నా రెండో పొరపాటు. ఆ 0.45 గ్రాముల్లో ఎంత ఆగస్టు రాత్రి బల్ల మీద పీల్చుకున్నది, ఎంత ఆ తరువాత చొరబడినది అని నేను ప్రశ్నించుకోలేదు. ఆయన కాపు తరువాత తొమ్మిది రోజులకే మంచు తిరిగి రావడం నాకు అనుమానం కలిగించి ఉండవలసింది. దాన్ని అరకొర కాపు ఖాతాలో వేసి ఊరుకున్నాను.

నలభై నాలుగు రోజుల తరువాత

జనవరి మూడో వారంలో మాస్టారు మరో ఫ్లాట్ ఫ్రేము పంపారు. అవే ఈనెలు, అదే ఎడమ అంచు.

ఈసారి బిళ్లలు 3.04 గ్రాములు తూగాయి. నలభై నాలుగు రోజుల్లో 0.44 గ్రాములు, రోజుకు 10 మిల్లీగ్రాములు. ఈ వ్యవధిలో గదిని ఎవరూ తెరవలేదు. గోడలకు అంటిన నీరు మొదటి రోజుల్లోనే వచ్చి ఆగిపోతుంది కనుక, ఇది కారుతున్న గది. ఆ లోపం ఎంత పెద్దదై ఉండాలో కాగితం మీద లెక్క వేశాను. గాలిలో ఆవిరి వ్యాపించే వేగం, లోపలికీ బయటికీ ఉన్న తేమ తేడా, ఓ-రింగ్ కింద సుమారు 2 మిల్లీమీటర్ల దారి, ఇవన్నీ కలిపితే అర చదరపు మిల్లీమీటరు కంటే చిన్న సందు చాలునని తేలింది. తలవెంట్రుక మందాన, ఎనిమిది మిల్లీమీటర్ల పొడవున ఒక చీలిక ఉంటే చాలు. కంటితో చూసి పట్టుకోగలిగినది కాదు.

ఓ-రింగ్‌కు వ్యాక్యూమ్ గ్రీజును చాలా పల్చగా, మెరుపు మాత్రమే కనిపించేంతగా రాసి, శుభ్రంగా తుడిచిన చట్రాన్ని దాని మీద బిగించి మళ్లీ విప్పాను. చట్రం మీద గ్రీజు గీత ఒక పూర్తి వలయంగా పడాలి. ఇక్కడ మాత్రం ఒక స్క్రూ పక్కన గీత తెగి, కొద్ది దూరం తరువాత మళ్లీ మొదలైంది. అక్కడ రింగును భూతద్దంతో చూస్తే, ఒకప్పుడు గాడిలో నుంచి పైకి లేచి చట్రం కింద నలిగిన గుర్తు ఉంది. ఆగస్టు ఉదయం తొందరలో బిగించినప్పుడు ఒక వైపు స్క్రూను పూర్తిగా తిప్పి, తరువాత ఎదుటి స్క్రూకు వెళ్లి ఉంటారని ఊహించాను. మాస్టారు కాదనలేదు. గట్టిగా బిగిస్తే సీలు మెరుగుపడుతుందన్న నమ్మకం కూడా ఇక్కడ చెడు చేస్తుంది. గాడి లోతు రింగు ఎంత నొక్కుకోవాలో ముందే నిర్ణయించి ఉంచుతుంది. లోహం లోహాన్ని తాకిన తరువాత వేసే బలమంతా చట్రాన్ని వంచడానికే పోతుంది. స్క్రూలను ఎదురెదురుగా, ఒక్కొక్కటి పావు చుట్టు చొప్పున తిప్పడమే పద్ధతి.

కొత్త రింగును అదే కొలతలో వైటాన్ రబ్బరుది వేశాను. బజారులో సులువుగా దొరికే సిలికాన్ రింగులు మెత్తగా, అందంగా ఉంటాయి గానీ నీటి ఆవిరి వాటి గుండానే దాటిపోతుంది. ఏ సందూ లేకపోయినా, ఆ రబ్బరే ఒక జల్లెడ.

ఈసారి మూసే ముందు ఒక సాక్షిని లోపల పెట్టాను. ఎలక్ట్రానిక్ భాగాల ప్యాకెట్లలో 5, 10, 60 శాతం చుక్కలు ఉండే తేమ సూచిక కార్డు వస్తుంది. దానిలో 5, 10 శాతం చుక్కలున్న ముక్కను మాత్రం కత్తిరించి, కిటికీ గుండా కనిపించేలా సెన్సర్ పక్కన నిలిపాను. మైనస్ 10 డిగ్రీలకు మనకు కావలసిన హద్దు 7 శాతమే కనుక, 5 శాతం చుక్క పొడి రంగులో ఉన్నంతవరకు గది ఆరోగ్యంగా ఉన్నట్టే. మైనస్ 20కి దిగేవారికి మాత్రం ఈ కార్డు చాలదు. మూడు వారాలు కెమెరాను బల్ల మీదే ఉంచాను, చుక్క రంగు మారలేదు. కార్డు అట్ట నుంచి నూగు రాలే ప్రమాదం ఉంది కనుక, ఆ తరువాత పొడి పెట్టెలోనే గదిని తెరిచి దాన్ని తీసేసి, బిళ్లలను మరొకసారి కాల్చి కెమెరాను ఇచ్చేశాను.

ఆర్గాన్ గురించి

ఈ మధ్యలో మాస్టారు గాజువాకలో వెల్డింగ్ వాళ్ల దగ్గర ఆర్గాన్ సిలిండరు దొరుకుతుంది గదా, గదిలో అది నింపేస్తే సరిపోదా అని అడిగారు. ఇది చాలామందికి వచ్చే ఆలోచనే. ఆర్గాన్ పొడి వాయువు, గదిలోని తేమ గాలిని బయటికి నెట్టడానికి పనికివస్తుంది. గాలి కంటే వేడిని తక్కువగా మోస్తుంది కాబట్టి పెల్టియే పలక మీద భారం కూడా కొంచెం తగ్గుతుంది. కానీ అది తేమకు కాపలా కాయదు. మిశ్రమంలో ప్రతి వాయువూ తన పాక్షిక పీడనాన్ని బట్టే నడుచుకుంటుందని డాల్టన్ నియమం చెబుతుంది; ఇది మాస్టారు ఏటా పిల్లలకు బోధించేదే. లోపల ఆర్గాన్ ఎంత నిండి ఉన్నా, నీటి ఆవిరి వరకు ఆ గది దాదాపు ఖాళీయే. బయట 34 మిల్లీబార్ల ఆవిరి, లోపల 2 మిల్లీబార్లు ఉంటే, సందు దొరికిన చోటల్లా ఆవిరి లోపలికే వెళుతుంది. నా మాట పూర్తికాకముందే ఆయన నవ్వి, “పరీక్షలో అయితే నేనే సున్నా వేసేవాణ్ణి” అన్నారు.

పెద్ద వేధశాలల్లో ఈ సమస్యను వేరే దారిలో దాటుతారు. ద్రవ నైట్రోజన్‌తో చల్లబరచే సీసీడీ సెన్సర్లను డ్యూవర్ అనే, గాలి తీసేసి శూన్యం చేసిన పాత్రలో ఉంచి, మిగిలిన అణువులను పట్టుకోవడానికి లోపల సన్నని రంధ్రాలుండే జియోలైట్ ఖనిజమో, బొగ్గో పెడతారు. మన చిన్న కెమెరాల గది వాతావరణ పీడనం దగ్గరే ఉంటుంది కనుక, సీలూ బిళ్లలే మనకు దిక్కు.

ఎంత చల్లదనం అవసరం

నేను పట్టుబట్టిన మరో మార్పు ఉష్ణోగ్రతది. మాస్టారు ఏడాది పొడుగునా మైనస్ 10 వాడేవారు. 28 డిగ్రీల రాత్రి అది 38 డిగ్రీల తేడా. ఈ తరగతి కెమెరాలు సాధారణంగా ఇచ్చేది 35 డిగ్రీల దాకానే, కనుక కూలరు శక్తి 100 శాతం దగ్గర కొట్టుకుంటూ, ఉష్ణోగ్రత నిలకడ లేకుండా ఉండేది. భీమిలి ఆకాశంలో విశాఖ నగరపు వెలుగు తగినంత ఉంది. రెండు మూడు నిమిషాల ఎక్స్‌పోజరులో ఆ వెలుగు తెచ్చే నాయిస్ ముందు, ఈ సెన్సర్‌లో సున్నాకూ మైనస్ 10కీ మధ్య ఉన్న డార్క్ కరెంటు తేడా ఫొటోలో కనిపించదు. చలికాలంలో మైనస్ 5, వేసవిలో సున్నా అని నిర్ణయించుకుని, ఆ రెండింటికీ డార్క్ ఫ్రేములు, అంటే డార్క్ కరెంటును తీసివేయడానికి మూత మూసి తీసే ఫొటోలు, వేరువేరుగా తీసి పెట్టుకోమన్నాను. ఆయన అయిష్టంగానే ఒప్పుకున్నారు. డబ్బు పెట్టి కొన్న చల్లదనాన్ని వాడుకోకపోవడం ఎవరికైనా కష్టమే. లద్దాఖ్‌లోని హాన్లేలో, 4,500 మీటర్ల ఎత్తున ఉండే పొడి చల్లని గాలిలో అయితే ఈ సలహా ఇచ్చేవాణ్ణి కాదు.

బయటి తేమ విషయంలో సముద్రపు ఒడ్డున రెండు జాగ్రత్తలు. ఏసీ గదిలో ఉంచిన కెమెరాను నేరుగా డాబా మీదికి తీసుకెళితే, ఏసీ కారు దిగగానే కళ్లజోడు మసకబారినట్టు కిటికీ అద్దం తడిసిపోతుంది. బయటి గాలి 24 డిగ్రీల దగ్గరే నీరు వదులుతుంటే కెమెరా ఒళ్లు 22 దగ్గర ఉంటుంది. సంచీ మూసి ఉంచే గంటసేపు బయట పెట్టి, కిటికీ హీటరు వేసి, ఆ తరువాతే కూలరు వేయాలి. రెండోది ఉప్పు. సముద్రపు గాలి అద్దం మీద వదిలే ఉప్పు పొర, గాలిలో తేమ 75 శాతం దాటితే తనంతట తానే కరిగి తడిగా మారుతుంది. హీటరు అద్దాన్ని కొంచెమే వెచ్చబెట్టిన రాత్రి, శుభ్రమైన అద్దం ఆరిపోయినా ఉప్పు పట్టిన అద్దం చెమ్మగానే ఉంటుంది. నెలకోసారి అద్దాన్ని సరైన ద్రవంతో తుడవాలి, ఫ్యాను రెక్కలనూ వేడిని వదిలే లోహపు రెక్కలనూ బ్రష్షుతో దులపాలి.

దాచిపెట్టే చోటు సంగతి కూడా చెప్పాలి. మాస్టారి ఇంట్లో కెమెరా ఉండేది బీరువాలో, పట్టుచీరల పక్కన, కలరా ఉండల మధ్య. కలరా ఉండల నాఫ్తలీన్ నేరుగా ఆవిరై, చల్లని చోట తిరిగి గట్టిపడుతుంది. కారుతున్న ఓ-రింగ్ దానికి కూడా దారి ఇస్తుంది. నీటి మంచు వేడెక్కితే పోతుంది, ఇటువంటి మరకలు అంత సులువుగా పోవు. అదృష్టవశాత్తు సెన్సర్ గాజు మీద అటువంటి జాడ కనిపించలేదు. కెమెరా ఇప్పుడు రబ్బరు అంచు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, అర కిలో నారింజ రంగు సిలికా జెల్‌తో ఉంటోంది. బియ్యం డబ్బాలో పెడితే చాలదా అని ఆయన శ్రీమతి అడిగారు. బియ్యంలో తమ సొంత తేమే పన్నెండు పదమూడు శాతం ఉంటుంది కనుక వద్దన్నాను.

మే నెల చివర, అంటే కెమెరా తిరిగి వెళ్లిన తొంభై రోజులకు, గదిని పొడి పెట్టెలో తెరిచి బిళ్లలు తూచాను. 2.63 గ్రాములు. ముందు నలభై నాలుగు రోజుల్లో 440 మిల్లీగ్రాములు పీల్చినవి, ఈసారి తొంభై రోజుల్లో 30 మాత్రమే పీల్చాయి. దానిలోనూ కొంత తెరిచి మూసేటప్పుడు అంటినదే అయి ఉండాలి. ఈ లెక్కన బిళ్లలు నిండడానికి మూడేళ్లకు పైగా పట్టాలి. మాస్టారికి మాత్రం రెండేళ్ల దాకా స్క్రూ డ్రైవరు ముట్టుకోవద్దని చెప్పాను. అద్దం మీద ధూళి మచ్చ కనిపిస్తే ఫ్లాట్ ఫ్రేముతో సరిచేసుకోవచ్చు.

కృత్తికలు పడమటికి వాలకముందే, మార్చి మొదట్లో, ఆయన మరొకసారి అదే ఫొటో తీశారు. నీలి మేఘం ఈసారి పల్చగా, దారప్పోగుల్లాంటి చారలతో వచ్చింది. అంచున ఉన్న ఆ నక్షత్రానికి ఏ వలయమూ లేదు. వాళ్ల కాలేజీ స్టాఫ్ రూములో గోడకు ఇప్పటికీ నవంబరు నాటి ఫొటోయే వేలాడుతోందని, తోటి లెక్చరర్లకు అదే ఎక్కువ అందంగా కనిపిస్తోందని మొన్న చెప్పారు.